అసలుది ముట్టుకోవద్దన్న మాస్టారు

మొన్న మంగళవారం ఆటోలో వస్తుంటే నాలుగు రోడ్ల జంక్షన్ దగ్గర మా మాస్టారి ఫ్లెక్సీ కనిపించింది. పైన శ్రద్ధాంజలి అని, కింద చర్చి యువకుల పేర్లు, మధ్యలో ఆయన మొహం. మొహమంటే మొహం కాదు, గళ్ళు. ఎవరో సెల్లుతో తీసిన ఫొటోని మనిషెత్తు సాగదీశారు. కన్ను ఎక్కడ ఉందో, కళ్ళజోడు ఎక్కడ ఉందో తెలియడం లేదు. ఆయన పోయారన్న సంగతి నాకు అలా తెలిసింది. ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. "రిజల్యూషన్ చూసుకో అమ్మా" అని చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషిని ఇలాగా కట్టేది! ఆటో ఆపించి దిగి దగ్గరికి వెళ్ళాను. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆయన ఇంకా కనిపించకుండా పోయారు. అప్పుడు భయం వేసింది.

ఆ భయం నాకు కొత్త కాదు. మాస్టారిని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది అదే. ఆయన కోపిష్టి అని కాదు, ఒకరి మీద గొంతెత్తగా నేను వినలేదు. ఆయనే పెద్ద భయస్థుడు. పోతూ పోతూ దాన్ని నాకు అంటించి పోయారు.

మూడేళ్ళ కిందటి మాట. నేను బుచ్చయ్యపేట చెరకు రైతుల ఇంటి పిల్లని. పెళ్ళయి అనకాపల్లి వచ్చాక కంప్యూటర్ సెంటర్‌లో మూడు నెలలు ఫొటోషాప్ నేర్చుకుని, పిల్లలిద్దరినీ అత్తగారికి అప్పజెప్పి, మెయిన్ రోడ్డు సందులో మేడ మీదున్న ఆయన ఫొటో స్టూడియోలో డిజైనర్‌గా చేరాను. డిజైనర్ అంటే పెద్ద ఉద్యోగమేం కాదు. పెళ్ళి ఫొటోలకు రంగులు సరిచేసి, ఆల్బం షీట్లుగా పేర్చి, సీడీలో ఎక్కించి విశాఖపట్నం ల్యాబ్‌కి పంపడం. అక్కడ ప్రింటయి వచ్చేవి. అప్పుడప్పుడే ఊళ్ళో అందరూ రీలు కెమెరాలు వదిలి డిజిటల్‌కి మారుతున్నారు. మాస్టారూ మారారు కానీ ఏడుస్తూ మారారు.

మెమరీ కార్డు ఆయన చొక్కా జేబులో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉండేది. పెళ్ళి నుంచి బస్సులో తిరిగొస్తున్నంతసేపూ జేబు మీద నుంచి అరచెయ్యి తీసేవారు కాదు. ఒకసారి కండక్టర్ గుండెనొప్పి అనుకుని, ఎవరినో లేపి సీటిప్పించి, మంచినీళ్ళు తాగించాడట. "నేనూ కాదనలేదమ్మా. సీటు దొరికింది కదా" అని నవ్వారు.

కార్డు ఖాళీ చేయడం, అదే ఫార్మాట్ చేయడం, ఆయనకి ఒక తంతు. నేను ఫొటోలన్నీ కంప్యూటర్లోకి కాపీ చేసి, సీడీలు కొట్టి చెప్పాలి. ఆయన కెమెరా ఒళ్ళో పెట్టుకుని అడిగేవారు.

"కాపీ అయ్యిందా అమ్మా?"

"అయిందండి."

"సీడీలు కొట్టేవా?"

"కొట్టానండి."

"నీ కళ్ళతో చూసేవా?"

"చూశానండి."

అప్పుడు కళ్ళు మూసుకుని "ప్రభువా" అని నొక్కేవారు. నొక్కాక కూడా ఓ నిమిషం కెమెరా కేసి అలాగే చూస్తూ ఉండేవారు. పక్క వీధి ఫొటోగ్రాఫర్ ఒకాయన ఈ తంతు చూసి పడీ పడీ నవ్వేవాడు. "ఏటి బావా, కార్డు ఫార్మాట్ సెయ్యడానికి కూడా ప్రార్థనేటి! ఇంక బేటరీ మార్చడానికి పాస్టరు గార్ని పిలుత్తావేటి?" మాస్టారు నొచ్చుకునేవారు కాదు. "నీకు పోలేదు బావా. పోయినోడికి తెలుత్తాది" అనేవారు అంతే.

పోయింది ఆయనకే. కుర్రతనంలో ఒక పెళ్ళంతా తీశాక చూస్తే, కెమెరాలో రీలు దాన్ని తిప్పే చక్రం పళ్ళకి పట్టుకోనే లేదట. ముప్పై ఆరు సార్లు నొక్కినా రీలు అంగుళం కదల్లేదు. పెళ్ళికూతురి తండ్రి దగ్గరికి వెళ్ళి చెబితే ఆ పెద్దాయన ఒక్క మాట అనకుండా కుర్చీలో కూర్చుండిపోయాడట. "తిట్టుంటే బాగున్నమ్మా. రెండు దెబ్బలేసినా బాగున్ను. ఏటీ అన్లేదు" అని ఆ సంగతి నాకు ఓ పదిసార్లు చెప్పి ఉంటారు. చెప్పినప్పుడల్లా కళ్ళజోడు నుదుటి మీదకి ఎత్తి కళ్ళు తుడుచుకునేవారు.

అందుకే ప్రతి పెళ్ళికీ మూడు ప్రతులు. ఒకటి స్టూడియో అలమరలో, ఒకటి మాస్టారి ఇంట్లో, ఒకటి పాస్టరు గారింటి బీరువాలో. ఇక్కడ నిప్పంటుకుంటే ఇంట్లో ఉంటుంది, శారదా నది పొంగి ఇల్లు మునిగితే పాస్టరు గారి దగ్గర ఉంటుంది. అలా ఊళ్ళో హిందువుల పెళ్ళిళ్ళు, క్రైస్తవుల పెళ్ళిళ్ళు అన్నీ పాస్టరమ్మ గారి పట్టుచీరల మధ్య భద్రంగా ఉండేవి. ఆవిడ విసుక్కునేది కూడాను. "మీ మాస్టారు మా బీరువాని స్టోరు రూము చేసేసేడమ్మా" అనేది.

ఇంకో పిచ్చి, రా ఫైళ్ళు. కెమెరాలో మామూలుగా ఫొటో జేపెగ్‌గా పడుతుంది. చిన్న ఫైలు, వెంటనే తెరుచుకుంటుంది. రా అంటే కెమెరా కన్ను చూసిందంతా, ఏమీ తీసెయ్యకుండా, ఏమీ దిద్దకుండా అలాగే దాచిన ఫైలు. మూడింతలు చోటు తింటుంది. కార్డులు చిన్నవి కాబట్టి ఆయన తాళి కట్టేటప్పుడు, తలంబ్రాలప్పుడు మాత్రం రా, జేపెగ్ రెండూ పడేలా పెట్టుకుని, భోజనాల దగ్గరికి వచ్చేసరికి జేపెగ్ ఒక్కటే పెట్టేవారు. నాకు ఆ రా ఫైళ్ళంటే చిరాకు. తెరవాలంటే వేరే సాఫ్ట్‌వేర్, తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. "వీటిని తీసేద్దాం మాస్టారూ, డిస్కు నిండిపోతోంది" అని వారానికోసారి సణిగేదాన్ని.

"అది నెగిటివ్ అమ్మా. నెగిటివ్ పారేస్తారేటి?" అనేవారు. "అసలుది ముట్టుకోవద్దు. నకలు తీసుకుని నీ ఇష్టం వచ్చినట్టు గీసుకో, కోసుకో. అసలుది మాత్రం ముట్టుకోవద్దు."

రిజల్యూషన్ అంటే ఏమిటో నాకు కంప్యూటర్ సెంటర్‌లో ఎక్కలేదు. ఆయన ఒక్క మాటతో ఎక్కించారు. "నువ్వు ముగ్గేత్తావు కదా. ఇరవై చుక్కల ముగ్గుకి ఇరవై చుక్కలుండాల. అవే చుక్కల్ని తీసుకెళ్ళి వీధంతా పరిస్తే ముగ్గు పెద్దదవుద్దేటి? చుక్కలు దూరమైపోతాయి, గీత కలవదు. ఫొటో కూడా అంతే. కాగితం మీద అంగుళానికి మూడొందల చుక్కలు పడాల. కంప్యూటర్ మీద చూసుకోడానికి డెబ్భై రెండు చాలు. చుక్కలు తీసెయ్యడం నీ చేతిలో ఉంది. తీసేసిన చుక్క మళ్ళీ తెచ్చి పెట్టడం నీ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు." నేను బుద్ధిగా తలూపాను. ఆ మాట నాకు అర్థమైందనే అనుకున్నాను.

రాంబిల్లి వైపు సముద్రం ఒడ్డున ఒక పల్లెలో, వేటకెళ్ళే వాళ్ళింట్లో పెళ్ళి. మాస్టారు వెళ్ళి తీసుకొచ్చారు. నాలుగొందల పైచిలుకు ఫొటోలు. ఆల్బంలోకి ఏవి కావాలో ఇంటివాళ్ళు ఎంచుకోవడానికి ముందు ఒక సెలెక్షన్ సీడీ ఇస్తాం. అందులో ఫొటోలు చిన్నవి చేసి పెడతాం. ఒక్కొక్కటీ తెరిచి చిన్నది చేస్తే రోజంతా పడుతుంది. నేను అప్పుడే ఒక విద్య నేర్చుకున్నాను. చేయాల్సిన పని ఒకసారి చేసి చూపిస్తే, ఫోల్డర్ మొత్తానికి కంప్యూటరే చేసుకుపోతుంది. తెరుస్తుంది, చిన్నది చేస్తుంది, సేవ్ చేస్తుంది, మూస్తుంది. దానికి నకళ్ళ ఫోల్డర్ చూపించాలి. నేను అసళ్ళ ఫోల్డర్ చూపించాను.

తొందర ఉందని చెప్పుకుందామంటే తొందర లేదు. పిల్లలకి జ్వరం లేదు, కరెంటు పోలేదు, ఎవరూ మధ్యలో పిలవలేదు. నాకు కొత్త విద్య వచ్చిందన్న మిడిసిపాటు తప్ప ఇంకో కారణం లేదు. తెర మీద పెళ్ళంతా టపటపా మెరిసి మాయమవుతుంటే కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతూ చూశాను. ప్రతి ఫొటోలోంచీ చుక్కలు పోతున్నాయి, నేను ముచ్చటగా చూస్తున్నాను. నా మొహం!

తరవాత ఆ ఫోల్డర్‌నే మూడు ప్రతులు కొట్టాను. ఎప్పుడూ ఒక్కో ప్రతికి మూడు సీడీలు పట్టేవి, ఆ రోజు ఒక్క సీడీలో పట్టేసింది. సీడీలు మిగిలాయని సంతోషించాను కూడా. మాస్టారు కెమెరా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కాపీ అయ్యిందా అన్నారు, అయిందన్నాను. సీడీలు కొట్టేవా అన్నారు, కొట్టానన్నాను. నీ కళ్ళతో చూసేవా అన్నారు, చూశానన్నాను. ఆయన కళ్ళు మూసుకుని నొక్కారు. మర్నాడు ఆ కార్డు మీద ఇంకో పెళ్ళి ఎక్కింది.

నాలుగైదు రోజుల తరవాత, సెలెక్షన్ వచ్చేలోపు మొదటి షీటైనా పేరుద్దామని పెళ్ళికూతురి ఫొటో తెచ్చి షీటు మీద వదిలాను. పన్నెండు అంగుళాల ఎత్తు, మూడడుగుల వెడల్పు షీటు. దాని మధ్యలో పెళ్ళికూతురు అగ్గిపెట్టెంత పడింది. పొరపాటున వేరే ఫైలు తెచ్చానేమో అనుకుని ఇంకోటి తెచ్చాను. అదీ అంతే. పది తెచ్చాను. అప్పుడు అర్థమైంది.

మూడు ప్రతులున్నాయి కదా అని అలమర తీసి చూశాను. అందులోనూ అగ్గిపెట్టెలే. పాస్టరమ్మ గారి దగ్గరికి పరిగెత్తి, ఏదో సాకు చెప్పి బీరువాలోంచి సీడీ తెచ్చుకుని చూశాను. అదే. చూడకుండానే తెలుసు, అన్నీ నేను కొట్టినవే కదా. అయినా ఇంటికి వెళ్ళి మాస్టారి భార్యని అడిగి మూడోది కూడా తెచ్చాను. నిప్పుకీ నీటికీ అందకుండా మూడు చోట్ల దాచింది నా తప్పునే.

ఆ రోజే చెప్పేస్తే అయిపోయేది. చెప్పలేదు. ఇప్పుడు ఎంత తిట్టుకున్నా ఏం లాభం, చెప్పలేదు. తెర మీది కొలతల పెట్టెలో డెబ్భై రెండు తీసి మూడొందలు అని కొట్టి చూశాను. ఫొటో పెద్దదయింది, మొహాలు అలుక్కుపోయాయి. ఆ ముగ్గు మాట గుర్తొచ్చి సేవ్ చెయ్యకుండా మూసేశాను. రోజూ వెళ్ళడం, మిగతా పెళ్ళిళ్ళ పని చేయడం, మెట్ల మీద చెప్పుల చప్పుడైతే ఉలిక్కిపడడం. అన్నం సహించేది కాదు. ఆయన మామూలుగా అడిగేవారు. "రాంబిల్లి పెళ్ళి ఎంతవరకొచ్చిందమ్మా?"

"సెలెక్షన్ ఇంకా రాలేదండి."

"పోన్లే, వాళ్ళే వత్తారు."

వచ్చారు. వచ్చింది తల్లి ఒక్కతే. ఒక మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చి, చెప్పులు బయట విడిచి, గడప దగ్గరే కూలబడింది. జుట్టు రేగిపోయి ఉంది. పెళ్ళి ఫొటోల కోసం వచ్చిన మనిషిలా లేదు.

"బాబూ, మావోడి పొటో కావాల" అంది.

"ఎవరమ్మా?" అన్నారు మాస్టారు.

"పెళ్ళికూతురి అన్న. నా పెద్దోడు. సెల్లి పెళ్ళయిన వారానికి ఏటకెల్లేడు. బోటు తిరగబడిపోనాది. మిగతావోళ్ళు ఈదుకుని ఒడ్డెక్కేరు బాబూ, మావోడు రాలేదు. సంద్రం కాసి సూసి సూసి కళ్ళు పోతన్నాయి. మనిసీ రాలేదు, సవమూ రాలేదు. పెద్దదినానికి పొటో ఐనా ఎట్టుకోవాల కదా. రేసన్ కార్డు మీదున్నాది గానీ అది ఆడో కాదో నాకే తెలవదు." ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "పెళ్ళిలో నువ్వు తీసేవు బాబూ, నాను సూసేను. బకీటు అట్టుకుని వడ్డిత్తా నవ్వతా ఉంటే తీసేవు. అది పెద్దది సెయ్యి. గోడకి ఎట్టుకుంటాను. మనిసంత సెయ్యి."

మాస్టారి మొహం విప్పారింది. ఎప్పుడూ ఏదో పోతుందని వణికే మనిషి, ఆ ఒక్కసారి ఆయన గొంతులో భయం లేదు. "ఉన్నాడు తల్లీ. నాకు బాగా గుర్తు. సాంబారు బకెట్టుతో ఉన్నాడు. నువ్వు లేచి ఇలా వచ్చి కూచో" అని కుర్చీ లాగి, నా వైపు తిరిగి, "ఆ భోజనాల ఫొటోలు తియ్యమ్మా" అన్నారు.

నేను తీశాను. ఇంకేం చేయను. తెర మీద చిన్నగా ఆ కుర్రాడు ప్రత్యక్షమయ్యాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయి. లుంగీ ఎగ్గట్టి, బకెట్టు మోకాలికి ఆనించి, ఎవరినో చూసి విరగబడి నవ్వుతున్నాడు. తల్లి ముందుకు వంగి వేలితో తెర తాకింది. "ఇడుగో, ఇడుగో నా నాయన" అంది. మాస్టారు నా భుజం మీదుగా చూస్తూ "దగ్గరికి తే అమ్మా" అన్నారు. నా చెయ్యి కదల్లేదు. ఆయనే మౌసు అందుకుని దగ్గరికి తెచ్చారు. ఇంకొంచెం తెచ్చారు. నవ్వు గళ్ళయిపోయింది.

ఆయన కొలతల పెట్టె తెరిచి చూశారు. ఒక్క చూపు చాలు ఆయనకి. తరవాత నా మొహం చూశారు. నా మొహంలో అంతా రాసి ఉంటుంది.

"అదేటి బాబూ, మొకం అలాగైపోనాది?" అంది తల్లి.

"నా చేతుల్లో పోయింది తల్లీ" అన్నారు మాస్టారు. "దాచడంలో తప్పు చేసేను. ఫొటో చిన్నదైపోయింది. దీన్ని పెద్దది చెయ్యలేను."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. ఆయన ఇంకోసారి చెప్పారు. అప్పుడు లేచింది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నీ సేతులు పడిపోనూ! నా కొడుకుని సంద్రం ఓసారి తీసుకుంటే నువ్వు రెండోసారి తీసుకున్నావురా! ఆ సేతులు పడిపోనూ! ఇంక ఏటీ అట్టుకోకుండా పోనూ!" అని నెత్తి బాదుకుంది. మాస్టారు తలొంచుకుని నిలబడ్డారు. రెండు చేతులూ ముందుకి, తప్పు చేసిన పిల్లాడు బెత్తం ముందు పెట్టినట్టు. ఆయన కాదు, నేను చేశాను అని చెప్పాలి. మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఆవిడ అరుపు విని దాన్ని మింగేశాను. అంత భయపడ్డాను.

"రేపు ఒక్కసారి రా తల్లీ. ఇంకెక్కడైనా ఉన్నాడేమో వెతుకుతాను" అన్నారు ఆయన. ఆవిడ చెప్పులేసుకోకుండానే మెట్లు దిగిపోయింది. మాస్టారు ఆ చెప్పులు పట్టుకుని వెనకాల దిగి, ఇచ్చి వచ్చారు.

ఇంక నా వంతు అనుకున్నాను. తిడతారు, పొమ్మంటారు. వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"నీకు తెలిసి ఎన్ని రోజులయ్యిందమ్మా?"

"తొమ్మిది రోజులండి."

"తొమ్మిది రోజులు ఒక్కదానివే ఎలా మోసేవమ్మా?" అన్నారు.

అప్పుడు ఏడ్చాను. బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరైనా అలా అడుగుతారా! తిట్టుంటే ఎంత బాగుండేది. ఆయన లేచి ఫ్యాన్ వేగం పెంచి, మంచినీళ్ళు తెచ్చిపెట్టి, "మొహం కడుక్కుని రా. రా ఫైళ్ళు చూద్దాం" అన్నారు.

కంప్యూటర్ వాటిని ముట్టుకోలేదు. నేను ఆ విద్య చూపించినప్పుడు అవి వేరే ఫోల్డర్‌లో ఉన్నాయి, అంతే. అరవై ఫైళ్ళు. అన్నింట్లోనూ పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, పురోహితుడు. ఒక్కొక్కటే తెరిచి, పెద్దది చేసి, వెనకాల జనంలో వెతుకుతున్నాం. ఆ అన్న భోజనాల దగ్గర ఉండిపోయాడు కదా, మండపంలోకి ఎందుకు వస్తాడు. నలభై దాటాయి. యాభయ్యో, ఎంతో, తాళి కట్టిన ఫొటోలో, పందిరి రాట వెనక చీకట్లో ఒక చెయ్యి పైకి లేచి ఉంది. అక్షింతలు వేస్తున్న చెయ్యి. కింద ఒక నల్లటి మచ్చ.

మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదకి ఎత్తి తెరకి దగ్గరగా జరిగారు. వెలుతురు పెంచే గీతని మెల్లగా కుడివైపుకి జరపసాగారు. జేపెగ్‌లో ఐతే ఆ మచ్చ మచ్చగానే ఉండిపోయేది. రాలో ఆ చీకటి అడుగున వెలుతురు మిగిలి ఉంది. ముందు చెవి తేలింది. తరవాత చెంప, మీసం. తరవాత ఒక కన్ను. రెండో కన్నుకి రాట అడ్డం. సముద్రంలో పోయిన కుర్రాడు నీళ్ళలోంచి లేచి వస్తున్నట్టు ఒక్కో ముక్కా పైకి వస్తుంటే నేను ఆయన చొక్కా చెయ్యి పట్టుకున్నాను.

"అడే" అన్నారు. "అడే కదమ్మా?"

అతనే. కానీ అంత పెద్ద ఫొటోలో ఆ మొహం ఎంతని! మూడొందల చుక్కల లెక్కన అంగుళానికి కాస్త పైన.

"పెద్దది చేద్దాం మాస్టారూ. గళ్ళు పడితే నేను నున్నగా దిద్దుతాను. రెండో కన్ను కూడా పెడతాను. గోడకి కావాలంది కదా" అని బతిమాలాను. ఆ తిట్టు వెనక్కి తీసుకుంటుందని నా ఆశ.

"దిద్దితే నువ్వు గీసిన మొహం అవుద్దమ్మా. ఆవిడ కొడుకుది కాదు. చాలు, ఇంక ముట్టుకోవద్దు" అన్నారు.

పాస్‌పోర్ట్ సైజు కాగితం మీద ఆ ఒక్క మొహమే ప్రింటు తీశారు. మర్నాడు ఆవిడ వచ్చింది. నేను మానిటర్ వెనకాల తల దించుకుని కూర్చున్నాను. ఆయన రెండు చేతులతో ఇచ్చారు. ఆవిడ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"ఇది ఆడి కన్నే" అంది. "ఇంతే ఉందా? పెద్దది అవ్వదా?"

"అవ్వదు తల్లీ. పెద్దది చేత్తే మీవోడు పోతాడు."

ఆవిడ మళ్ళీ చూసింది. తరవాత ఫొటోని కొంగులో చుట్టి, బొడ్డు దగ్గరున్న సంచిలో దోపుకుంది. వెళ్ళిపోయింది. కొంచెం శాంతించింది గానీ తిట్టు వెనక్కి తీసుకోలేదు. అలా ఎవరూ తీసుకోరనుకుంటాను, అది మనసులో ఉండి అన్నది కాదు కదా. కానీ నాకు మాత్రం ఆ మాట గదిలోనే ఉండిపోయిందనిపించేది.

ఆ తరవాత కూడా మాస్టారు మారలేదు. అవే మూడు ప్రశ్నలు, అదే "ప్రభువా". ఒకటే తేడా. "నీ కళ్ళతో చూసేవా?" అని అడిగాక, నేను చూశానన్నాక, ఆయన కూడా వచ్చి నా పక్కన కూర్చుని చూసేవారు. నన్ను నమ్మక కాదు, నాకు తోడు అని చెప్పేవారు. ఆ సంగతి ఇంకెప్పుడూ ఎత్తలేదు. పక్క వీధి ఫొటోగ్రాఫర్ "ఏటి బావా, ఆ పల్లెవోళ్ళు నిన్ను తిట్టిపోసేరంట?" అన్నా, "నాదే తప్పు బావా" అన్నారు తప్ప నా వైపు చూడలేదు.

పోయినేడు ఒక ఉదయం ఆయన చర్చిలో పాటల పుస్తకం జారవిడిచారట. వంగి తీసుకోబోతే చెయ్యి లేవలేదు. పక్షవాతం. కుడిచెయ్యి పూర్తిగా పడిపోయింది. ఆ మాట విన్న నిమిషంలో నాకు ఏమైందో నేను ఎవరికీ చెప్పలేదు. వంటింట్లో గిన్నె పట్టుకుని ఉన్నాను. గిన్నె కింద పెట్టి, నా కుడిచెయ్యి ముందుకు పెట్టుకుని, వేళ్ళు ముడిచి, విప్పి చూసుకున్నాను. పని చేస్తోంది. అంత భయం నేను జన్మలో పడలేదు.

చూడడానికి వెళ్ళాను. మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు. కుడిచెయ్యి దుప్పటి మీద ఎవరిదో వస్తువులా పడి ఉంది. నన్ను చూసి నవ్వారు, మూతి ఓ పక్కకే నవ్వింది. "బీపీ మాత్రలు మానేసేనమ్మా. డాక్టరు గారు తిట్టేరు" అన్నారు. ఆయన భార్య లోపలికి వెళ్ళేదాకా ఆగి, "మాస్టారూ, ఆ తిట్టు నాకు తగలాల్సింది" అన్నాను.

"ఏ తిట్టమ్మా?" అన్నారు.

ఆయన ముప్పై ఏళ్ళ కిందటి పెళ్ళిలో పెళ్ళికొడుకు ఏ కాలు ముందు పెట్టాడో చెప్పగల మనిషి. నిజంగా మరిచిపోయారో, నాకోసం మరిచిపోయారో నాకు తెలియలేదు. అడిగే ధైర్యమూ చాలలేదు. ఎడమచేత్తో నా తల మీద తట్టి, "పిల్లలు బాగున్నారా?" అన్నారు. అదే ఆఖరు చూపు. ఆ తరవాత స్టూడియో మూతపడింది, నేనూ మళ్ళీ అటు వెళ్ళలేదు.

ఫ్లెక్సీ చూసిన మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. ఆ తల్లి ఎండుచేపలు అమ్ముకోవడానికి మన మార్కెట్‌కి వస్తుందని నాకు చాలా రోజులుగా తెలుసు. తెలిసే ఆ వరస వైపు వెళ్ళడం మానుకున్నాను. ఇంక ఆయన లేరు, ఆయన మీద వేసుకున్నది నాదని ఆవిడకైనా చెప్పాలి, తిడితే పడాలి అనుకుని వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో లోపల అనుకుంటూనే ఉన్నాను.

బుట్టలు అప్పుడే దింపుకుని సర్దుకుంటోంది. వయసు మీద పడినట్టుంది. నన్ను పోల్చుకోలేదు. ఫొటో ఇచ్చిన రోజు నేను మానిటర్ వెనక ఉన్నాను, అంతకు ముందు రోజు ఆవిడ నా మొహం చూసే స్థితిలో లేదు.

"ఏటి కావాల తల్లీ? నెత్తళ్ళు మంచియి. బోణీ సెయ్యి."

"అమ్మా, నేను..." అన్నాను. చేతిలో ఉన్న నోటు చాచాను. ఆవిడ నోటు కళ్ళకద్దుకుని, బుట్ట చుట్టూ తిప్పి, బొడ్డు దగ్గరి సంచి తెరిచి అందులో పెట్టుకుంది. ఆ సంచిలో ఇంకేముందో నేను చూడలేదు. తల పక్కకి తిప్పుకున్నాను. ఇంతలో ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి బేరమాడి, చెరో రెండు పోగులు తీసుకుని వెళ్ళారు. వెనకాలే ఇంకొకామె వచ్చింది.

ఆ తల్లి మొహం వెలిగిపోయింది. గబుక్కున నా కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఉప్పు పట్టి గరుకెక్కిన చేతులు.

"సూసేవా, నువ్వలా ముట్టుకున్నావు, ఇలా బేరాలొచ్చేయి! మంచి సెయ్యి తల్లీ నీది. సల్లగుండాల ఈ సెయ్యి" అని నా చెయ్యి తన కళ్ళకద్దుకుంది.

నేను వెనక్కి లాక్కోలేకపోయాను.

"రేపు కూడా పెందలాడే రా తల్లీ. బోణీ నీ సేత్తోనే సేయింతాను" అంది.

వస్తానన్నాను.